తాడు వదిలాక కూడా

మొన్న క్రిస్మస్ సెలవులకి మా పెద్ద మనవరాలు హాస్టల్ నుంచి వచ్చింది. ఇంజినీరింగు రెండో సంవత్సరం. వచ్చిన మూడో రోజు రాత్రి, భోజనాలయ్యాక, వసారాలో నా నవారు మంచం పక్కన చాప పరుచుకుని కూర్చుంది. చేతిలో ఫోను లేదు. ఈ కాలపు పిల్ల పది నిమిషాలు ఫోను లేకుండా ఊరికే కూర్చుందంటే ఒంట్లో బాగాలేకపోయి ఉండాలి, లేదా మనసు బాగాలేకపోయి ఉండాలి. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది.

"తాతయ్యా, ఒకటి అడగనా? సైన్సు కాదు."

"అడగవే. సైన్సో కాదో తర్వాత తేల్చుకుందాం."

"ఒక మనిషిని క్షమించేశాం అనుకో. ఉత్తుత్తిగా కాదు, నిజంగానే. గుళ్లో మోకరించి, మనస్ఫూర్తిగా. మూడు రోజులు పోయాక మళ్లీ అదంతా గుర్తొచ్చి కోపమూ ఏడుపూ వస్తే, ముందు చేసింది అబద్ధమేనా?"

ఎవరు, ఏమిటి అని నేను అడగలేదు. అది చెప్పలేదు. లోపల గిన్నెలు సర్దుకుంటున్న మా ఆవిడ మాత్రం, "ప్రార్థన సరిగ్గా చేసి ఉండవు" అని కేకేసింది. మా ఇంట్లో వాక్యం వంటింట్లోంచి వస్తుంది, సైన్సు వసారాలోంచి వస్తుంది. రెండూ గడప దగ్గర పోట్లాడుకుంటాయి.

నేను 34 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పినవాణ్ణి. పిల్లలకి నన్ను పేరుతో తెలియదు, పి.ఎస్. మాస్టారుగానే తెలుసు. అందుకని నా జవాబు వాక్యంలో కాక, గుడి గంట దగ్గర మొదలైంది.

మాది లూథరన్ గుడి. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను కొమ్మే మా ఊరిదాకా సాగింది. గుడి ముందు రెండు రాతి స్తంభాలు. వాటి మధ్య ఇనప ఇరుసు, ఇరుసుకి గంట, గంట పక్కన చక్రం, చక్రానికి తాడు. ఆదివారం పొద్దున్న మొదటి గంటకి ఊళ్లో స్నానాలు, రెండో గంటకి ఇస్త్రీ బట్టలు, మూడో గంటకి పరుగులు. చిన్నప్పుడు ఆ తాడు పట్టుకునే అవకాశం కోసం మేం చొక్కాలు చిరిగేలా కొట్టుకునేవాళ్లం.

ఆ గంట నా అప్పటి బరువుకి ఎన్నో రెట్లు. ఒక్క లాగుడుకి కదిలితే ఒట్టు. కానీ చిన్నగా లాగి వదిలి, అది వెళ్లి తిరిగొచ్చే వేళకి మళ్లీ చిన్నగా లాగితే, పదోసారికి అంత గంటా ఊగిపోయేది. కాస్త ఆదమరిస్తే తాడుతో పాటు మనమూ పైకి లేస్తాం. దీన్నే తర్వాత తొమ్మిదో తరగతికి 'అనునాదం' అని బోర్డు మీద రాసి చెప్పాను. ఊగేదాని వేళకి సరిగ్గా అందిస్తే చిన్న తోపుడు చాలు, కొండంత ఊపు వస్తుంది. వేళ తప్పితే ఎంత బలంగా లాగినా దండగే.

ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ పనికొస్తుంది అన్నాను మనవరాలితో.

ఇప్పుడు తాడు వదిలేద్దాం. గంట ఆగుతుందా? ఆగదు. ఇరుసు దగ్గర ఘర్షణ, చుట్టూ గాలి, నాలుక తగిలినప్పుడల్లా శబ్దంగా పోయే శక్తి, ఇవన్నీ ఒక్కో ఊపులో కొంచెం కొంచెం తినేస్తుంటే మెల్లగా నెమ్మదిస్తుంది. తెలుగు అకాడమీ పుస్తకాల్లో వీటిని అవరుద్ధ డోలనాలు అంటారు. లెక్క సులువుగా ఉండడానికి ఒక్కో ఊపుకి పదో వంతు పోతుందనుకో. ఏడు ఊపులకి సగం మిగులుతుంది. పదోవంతుకి దిగాలంటే 22 ఊపులు కావాలి. మొదట్లో దబదబా తగ్గుతుంది, చివర్లో జీళ్లపాకంలా సాగుతుంది. తగ్గడం మాత్రం ఆగదు, తాడు మళ్లీ ఎవరూ లాగకపోతే.

"ఇదేంటి తాతయ్యా, నేనేదో అడిగితే నువ్వు గంటకి వెళ్లావు?"

గంటకి నేను వెళ్లలేదే, ఒక ముసలావిడ వెళ్లింది. ఆవిడ కథ విను.

నెదర్లాండ్స్‌లో హార్లెం అని ఊరు. అక్కడ టెన్ బూమ్ వాళ్లది గడియారాల కొట్టు, 1837 నుంచీ ఉన్నది. అసలు గోడ గడియారంలో లోలకాన్ని పెట్టింది కూడా ఆ దేశపు మనిషే, హైగెన్స్, 1656లో. అంతకుముందు గడియారాలు రోజుకి పావుగంట దాకా తప్పేవి. ఆ కొట్టు ఇంట్లో ఆడపిల్ల కోరీ టెన్ బూమ్. 1922లో ఆ దేశంలో గడియారాల పనికి లైసెన్సు తీసుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. తండ్రి కాస్పర్, అక్క బెట్సీ, తను, కొట్టు, గుడి, అంతే లోకం. యాభై ఏళ్లు దాటేదాకా అలాగే గడిచింది.

హిట్లరు సైన్యం దేశాన్ని పట్టుకున్నాక ఈ ముసలీ ముతకా కలిసి యూదుల్ని ఇంట్లో దాచారు. కోరీ పడకగది గోడకి ముందు ఇంకో గోడ కట్టి, మధ్యలో మనుషులు నిలబడేంత సందు వదిలారు. ఎవరో పట్టించారు. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు దిగారు. ఆ సందులో ఉన్న ఆరుగురూ దొరకలేదు. ఇంటివాళ్లు దొరికారు. తండ్రికి అప్పటికి 84 ఏళ్లు, జైల్లో పదిరోజుల్లోనే పోయాడు. అక్కచెల్లెళ్లిద్దర్నీ చివరికి జర్మనీలోని రావెన్స్‌బ్రుక్ ఆడవాళ్ల శిబిరానికి తోలారు. డిసెంబరు 16న అక్క పోయింది. అక్క పోయిన కొద్దిరోజులకే కోరీని వదిలేశారు. అదీ గుమాస్తా రాతలో పొరపాటు వల్లనే అని ఆవిడ తర్వాత చెప్పుకుంది.

యుద్ధం అయిపోయాక ఆవిడ ఊళ్లు తిరుగుతూ దేవుడు క్షమిస్తాడని చెప్పడం మొదలుపెట్టింది. 1947లో మ్యూనిక్‌లో ఒక గుళ్లో మాట్లాడి దిగింది. జనంలోంచి ఒకాయన చెయ్యి చాపుకుంటూ వచ్చాడు. ఆ మొహం ఆవిడకి తెలుసు. రావెన్స్‌బ్రుక్‌లో కాపలావాడు. తను ఇప్పుడు క్రైస్తవుణ్ణయ్యాననీ, దేవుడు క్షమించాడనీ, ఆవిడ నోటి నుంచి కూడా ఆ మాట వినాలనీ అన్నాడు. ఆవిడ చెయ్యి లేవలేదు. అప్పటిదాకా ఉపన్యాసం చెప్పిన మనిషికి చెయ్యి లేవలేదు! లోపల్లోపలే, నాకు చేతకావడం లేదు, చెయ్యి మాత్రం నేను లేపుతాను, మిగతాది నువ్వు చూసుకో అన్న అర్థం వచ్చేలా దేవుణ్ణి అడిగి, కొయ్య చెయ్యి లేపినట్లు లేపింది. ఆ తర్వాతే మనసు కదిలిందని రాసుకుంది.

ఈ కథ మన గుళ్లల్లో ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం. అయ్యగార్లు ఇక్కడితో ఆపి ఆమెన్ అంటారు. నాకు నచ్చేది దీని తర్వాత జరిగింది.

ఏళ్లు గడిచాక కోరీకి ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి కొట్టింది నాజీలు కారు, తను నమ్మిన స్నేహితులు, తనతో కూర్చుని ప్రార్థన చేసే మనుషులు. క్షమించేశాను అనుకుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ అదే రగులుడు. రెండు వారాలు నిద్ర లేదు. కాపలావాడికి చెయ్యిచ్చిన మనిషికి, సొంత సంఘంవాళ్లు చేసింది మింగుడుపడలేదు. నాకిది వింతగా అనిపించదు. ముల్లు ఎక్కడిదైనా ముల్లే గానీ, పరుపులో ఉన్న ముల్లు వేరు.

అప్పుడొక లూథరన్ పాదిరిగారు, మనవాడే సుమా, ఆవిడకి గుడి గంట చూపించి చెప్పాడట. గంట కొట్టేవాడు తాడు వదిలేసినా గంట కొంతసేపు మోగుతూనే ఉంటుంది కదా, క్షమించడం అంటే తాడు వదలడం, వదిలాక మోగేది పాత ఊపు, కాసేపటికి అదే ఆగుతుంది, ఇదీ దాని సారాంశం. గడియారాలు బాగుచేసే ఆవిడకి లోలకం సంగతి ఒకరు చెప్పాలా? అయినా చెప్పేదాకా తట్టలేదు.

మనవరాలు చాప మీద సర్దుకుని కూర్చుంది. "అంటే మళ్లీ కోపం వచ్చినా పర్లేదన్నమాట."

ఉండు, ఇక్కడ మాస్టారుకి ఒక చిన్న పేచీ ఉంది.

కోరీ ఆ కథ చెప్పేటప్పుడు గంట దెబ్బలు దూరదూరంగా పడుతూ ఆగిపోతాయని చెబుతుంది. వినడానికి బాగుంటుంది, కానీ భౌతికశాస్త్రం ఒప్పుకోదు. గెలీలియో కుర్రతనంలో పీసా గుళ్లో దీపం ఊగడం చూసి తన నాడి పట్టుకుని లెక్కపెట్టాడని కథ చెప్పుకుంటారు. ఆ కథ ఎంత నిజమైనా, ఆయన పట్టుకున్న సంగతి నిజం. ఊపు పెద్దదైనా చిన్నదైనా, ఒక ఊపుకి పట్టే సమయం దాదాపు ఒకటే. మరీ పెద్ద ఊపయితే కాస్త ఎక్కువే పడుతుంది. అంటే గంట నెమ్మదిస్తున్నకొద్దీ ఊపులు దూరం కావు, ఇంకా కొంచెం దగ్గరవుతాయి. తగ్గేది ఎడం కాదు, దెబ్బ. నాలుక అంచుని తాకే జోరు తగ్గుతుంది. తర్వాత తర్వాత ఒకోసారి తగలకుండా జారిపోతుంది, అందుకే మన చెవికి దూరదూరంగా వినిపిస్తుంది. ఆఖరికి గంట ఊగుతూనే ఉంటుంది, నాలుక మాత్రం ఎక్కడా తగలదు. చూసేవాడికి ఊగుతోంది, వినేవాడికి ఆగిపోయింది.

ఈ తేడా నాకెందుకు ముఖ్యమంటే, మనసులో గాయం కూడా అలాగే వస్తుంది. దాని వేళకి అది వస్తుంది. అమ్మ పోయిన తేదీకి వస్తుంది, ఆ పెళ్లిరోజుకి వస్తుంది, ఆ మనిషి కాలనీ మీదుగా బస్సు వెళ్లినప్పుడు వస్తుంది. "ఇంకా వస్తోంది, కాబట్టి నేను మారలేదు" అని మనం కుంగిపోతాం. ఎన్నిసార్లు వచ్చిందని లెక్కపెడుతున్నాం కాబట్టే ఆ దిగులు. ఎంత గట్టిగా తగిలిందో చూసుకుంటే, పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ తేడా తెలుస్తుంది.

ఇంకోటి. అన్ని గంటలూ ఒకేలా మోగవు. గుడి గంట కంచుది, నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం అటూఇటూగా. కంచు తన లోపల శక్తిని ఎక్కువ పోనివ్వదు, అందుకే ఒక్క దెబ్బకి అంతసేపు మోగుతుంది. అదే సీసంతో గంట పోతపోస్తే దబ్ మని ఊరుకుంటుంది. మనుషుల్లోనూ సీసం బాపతు ఉన్నారు. వాళ్లు పొద్దున తిట్టుకుని సాయంత్రానికి కలిసి టీ తాగుతారు. వాళ్లకి విశ్వాసం ఎక్కువనీ, కంచు మనిషికి తక్కువనీ సంఘంలో తీర్పులు చెప్పేవాళ్లుంటారు. అది లోహం గుణం, భక్తి కొలత కాదు. (మా ఆవిడ సీసం. నేను కంచు. ఈ సంగతి వంటింట్లోకి వినపడకుండా చెప్పాను.)

సరే, ఇందాక అనునాదం గుర్తుపెట్టుకోమన్నానుగా. గంట ఊపు ఇరుసు తినేస్తుంటే, అది పోగొట్టుకున్నంతా మనం వేళకి అందిస్తుంటే, గంట జన్మలో ఆగదు. పెద్ద లాగుడు అక్కర్లేదు. చిటికెన వేలంత చాలు. మా గోడ గడియారం లోలకం అలాగే కదా నడిచేది, వారానికోసారి నేనిచ్చే కీ నుంచి ఒక్కో ఊపుకి పిసరంత తోపుడు. మనసుకి కీ ఎలా ఇస్తామో నాకు బాగా తెలుసు, నేను పందొమ్మిదేళ్లు ఇచ్చాను.

1986లో మా పెదనాన్నగారబ్బాయి ఒకాయన మిర్చి పంటకని నా దగ్గర పన్నెండు వేలు తీసుకున్నాడు. ప్రోనోటు రాశాడు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టాడు. పంట పోలేదు, బాగానే పండింది. డబ్బు మాత్రం రాలేదు. అడిగితే రేపు, ఎల్లుండి. తర్వాత నేనే అబద్ధాలకోరునన్నట్లు నలుగురిలో మాట్లాడాడు. ప్రోనోటుకి మూడేళ్లకి కాలదోషం పడుతుంది. ఆ తర్వాత కోర్టులో అది చిత్తుకాగితం. చట్టం మూడేళ్లకే వదిలేసిన కాగితాన్ని నేను ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద, మడత నలగకుండా దాచాను. నెలకోసారి ఏదో వంకన పెట్టె తీసేవాణ్ణి. ఆ సంతకం చూసేవాణ్ణి. పెట్టె మూసేవాణ్ణి. కీ ఇచ్చినట్లే.

ఆ ఏళ్లన్నీ గుళ్లో ఆయన ముందు వరసలో, నేను వెనక వరసలో. ప్రభుబల్ల ఉన్న ఆదివారం నాకేదో పని తగిలేది. అలిగి ఉన్నవాళ్లు బల్ల తీసుకోకూడదని మా నాన్న కాలం నుంచీ ఉన్న కట్టుబాటు. నేను కట్టుబాటు తప్పలేదు, బల్లనే తప్పించుకు తిరిగాను.

కోరీ స్నేహితుల సంగతిలో ఇలాంటి ముక్కే ఉంది. అంతా క్షమించేశానని ఎవరితోనో చెబుతూ, వాళ్లు ఏం చేశారో రుజువుగా వాళ్ల ఉత్తరాలు తన దగ్గర ఉన్నాయని కూడా చెప్పిందట. చెప్పాక తనకే తట్టింది, క్షమించేస్తే మరి ఆ కట్ట ఎందుకు దాచినట్లు? ఆ ఉత్తరాలు నిప్పుల్లో వేసింది. ఇది చదివిన రోజున నేను పుస్తకం మూసి మేడమీదకి వెళ్లి చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. ప్రోనోటు అప్పుడు చించలేదు. ఇంకో ఎనిమిది నెలలు పట్టింది, 2005 ఈస్టరు ముందు శుక్రవారం దాకా. చించాక కూడా, ఆయన కొత్త డాబా ముందు నుంచి సైకిలు మీద పోతుంటే గంట మోగేది. మోగింది గానీ, తర్వాత కీ ఇవ్వడానికి కాగితం లేదు.

"మరిచిపోవడానికి ప్రయత్నించకూడదా తాతయ్యా? పౌలుగారు కూడా వెనకవి మరిచిపొమ్మనే అన్నారుగా?"

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, మూడో అధ్యాయం. అక్కడ పౌలు చూపిస్తున్నది పరుగు పందెంవాణ్ణి. పరిగెత్తేవాడు వెనక్కి తిరిగి చూడడు అంతే, వెనక దారి అతని బుర్రలోంచి చెరిగిపోదు. అదే పౌలు తను ఒకప్పుడు సంఘాన్ని హింసించానని ఎన్ని పత్రికల్లో చెప్పుకున్నాడో లెక్కపెట్టు. మరిచిపోయినవాడు అలా రాయడు.

పైగా బలవంతాన మరవడం కుదరదని మనకి ఎప్పుడో తెలుసు. మందు వేసుకునేటప్పుడు కోతిని తలుచుకోవద్దని చెప్పిన వైద్యుడి కథ నీకు చిన్నప్పుడు చెప్పలేదూ? మందు తీసినప్పుడల్లా రోగికి కోతే కనపడింది. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అలాంటిదే ప్రయోగంగా చేశాడు, కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. అయిదు నిమిషాలపాటు దాన్ని తలుచుకోవద్దు, తలపుకొస్తే పక్కనున్న గంట మోగించు అన్నాడు. అక్కడా గంటే చూడు! గంట మోగుతూనే ఉంది. ఇంకా విచిత్రం, ముందు అణిచిపెట్టినవాళ్లకి, తర్వాత తలుచుకోవచ్చని చెప్పగానే, మొదట్నించీ తలుచుకున్నవాళ్లకంటే ఎక్కువసార్లు ఎలుగుబంటి వచ్చింది. ఊగే గంటని రెండు చేతులా పట్టుకుని ఆపబోతే దెబ్బ తగిలేది మనకే.

అయితే జ్ఞాపకం రాయిమీద చెక్కిన అక్షరమా అంటే, అదీ కాదు. ఒకప్పుడు అలాగే అనుకున్నారు, ఒకసారి గట్టిపడితే ఇక మారదని. 2000లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కరీమ్ నాదర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ ఎలుకల మీద ఒక పని చేశారు. ఒక మోత వినిపించి చిన్న షాక్ ఇస్తే, తర్వాత ఆ మోత వింటేనే ఎలుక బిగుసుకుపోతుంది. మర్నాడు ఆ మోత మళ్లీ వినిపించి, మెదడులో భయానికి కేంద్రమైన అమిగ్డలాలోకి, కొత్త ప్రోటీన్లు తయారుకానివ్వని మందు ఎక్కించారు. ఆ మర్నాడు మోత విన్నా ఎలుక మునుపటంత బిగుసుకోలేదు. మోత వినిపించకుండా ఊరికే మందు ఎక్కిస్తే భయం అలాగే ఉంది. అంటే తలుచుకున్నప్పుడు జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది, మళ్లీ దాచుకోవడానికి మెదడు మళ్లీ పనిచేయాలి.

నాకిది చదవగానే మీ నాయనమ్మ ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. వాసెన కట్టి ఉన్నన్నాళ్లు లోపల ఏముందో అదే. మూత తీసిన ప్రతిసారీ మాత్రం ఏ చెయ్యి పెట్టాం అన్నదే లెక్క. తడి చెయ్యి పెడితే బూజు. పొడి గరిటెతో కలిపి, మీద నాలుగు చుక్కలు నూనె పోసి మూస్తే ఇంకో ఏడాది. కోపంతో మూత తీసి, కోపంతోనే కలిపి మూస్తే, రేపు తీసేది ఇవాళ్టి కోపం కలిసిన జాడీ. ప్రార్థనలో మూత తీసేవాడు ఆ జాడీయే తీస్తున్నాడు, పక్కన ఇంకొకరున్నారన్న ధైర్యంతో తీస్తున్నాడు. ఎలుకలో చూసినంత శుభ్రంగా మనిషిలో తేలదు, మనిషి బుర్ర అంత సులువుది కాదు. అయినా మా సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్లని నలభై ఏళ్లుగా వింటున్నాను. ఒకే బాధని ఒకే మనిషి ఏటా డిసెంబరు 31 రాత్రి చెబుతాడు. పదేళ్ల కింద చెప్పినప్పుడు మైకు వణికేది. ఇప్పుడు మధ్యలో నవ్వుతాడు.

ఒళ్లు కూడా సాక్ష్యం చెబుతుంది. 2001లో అమెరికాలోని హోప్ కాలేజీలో షార్లెట్ విట్‌వ్లియెట్ బృందం 71 మంది విద్యార్థుల్ని కూర్చోబెట్టి, తమని నొప్పించిన మనిషిని తలుచుకోమంది. కాసేపు పగతో, కాసేపు క్షమిస్తున్నట్లు. పగతో తలుచుకున్నంతసేపూ గుండె వేగం, రక్తపోటు, చెమట, కనుబొమల మధ్య కండరం బిగువు, అన్నీ ఎక్కువే. క్షమిస్తున్నట్లు ఊహించుకుంటేనే తక్కువ. ఊహకే ఇంత అయితే, పందొమ్మిదేళ్ల ట్రంకుపెట్టె నా బి.పి.కి ఏం చేసిందో ఆ పరలోకపు డాక్టరుకే తెలియాలి.

ఇంతలో మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరకొచ్చి నిలబడింది. "అన్నీ గంటలూ జాడీలే అయితే, ఇక ప్రభువెందుకు మీ లెక్కలో?"

న్యాయమైన ప్రశ్నే. లోలకం ఎలా ఆగుతుందో సైన్సు చెబుతుంది. బిగుసుకున్న వేళ్లు తాడుని ఎలా వదులుతాయో మాత్రం చెప్పదు. కొత్త నిబంధన గ్రీకులో 'క్షమించు' అనే చోట ఉండే మాట 'అఫియేమి'. దానికి అసలు అర్థం వదిలెయ్యడం, పోనివ్వడం. మత్తయి సువార్తలో ప్రభువు నేర్పిన ప్రార్థనలో అదే మాట, పేతురు అన్నదమ్ములిద్దరూ గాలం కాదు, బతుకుతెరువైన వలలే వదిలేసి ఆయన వెనక నడిచినప్పుడూ అదే మాట. పైగా ఆ ప్రార్థనలో మన తెలుగు బైబిలు 'ఋణములు' అనే అంటుంది, తప్పులు అనదు. అప్పు భాష అది. అప్పు ఊరికే మాయం కాదు, ఎవరో ఒకరు భరిస్తేనే చెల్లు పడుతుంది. నా అప్పు సిలువ మీద ఇంకొకరు భరించారని నమ్మినవాడికి, ఎదుటివాడి పన్నెండు వేల కాగితం చేతిలో పట్టుకోవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకు ఆ శుక్రవారం జరిగింది అదే. వేళ్లు నావే. వదిలించిన బలం నాది కాదు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని ఆవిడ మళ్లీ లోపలికెళ్లింది.

మనవరాలు ఇంకా అక్కడే ఉంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "తప్పు చేసింది మనమే అయితే?" అంది. ఓహో, అసలు ముల్లు ఇక్కడుందా అనుకున్నాను. పైకి అనలేదు.

జాన్ న్యూటన్ సంగతి చెప్పాను. 'అమేజింగ్ గ్రేస్' రాసినాయన, ఇంగ్లీషు పాదిరి. అంతకుముందు బానిసల ఓడలు నడిపినవాడు. 1748లో తుపానులో ఓడ మునగబోతుంటే దేవుణ్ణి పిలిచాడు. దాంతో మారిపోయాడని మనం చెప్పుకుంటాం. నిజానికి ఆ తర్వాత కూడా కొన్నేళ్లు బానిసల్ని ఎక్కించుకునే తిరిగాడు, కెప్టెనుగా. 1754లో జబ్బు చేసి సముద్రం మానేశాడు. 1764లో పాదిరి అయ్యాడు. 1773 కొత్త సంవత్సరం రోజు ఆరాధనకని ఆ పాట రాశాడు. ఇంత జరిగినా, ఆ వ్యాపారం ఎంత పాపమో ఓడలో తను చూసినవన్నీ విప్పి చెబుతూ పుస్తకం అచ్చువేసింది 1788లో. తుపానుకి నలభై ఏళ్ల తర్వాత. పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే చనిపోయాడు. దేవుడు క్షమించాడని నమ్మిన మనిషే, పెట్టె మూసి కూర్చోకుండా వెనక్కి వెళ్లి ఆ జాడీ ఊరందరి ముందూ తెరిచాడు. తనని తాను కొట్టుకోవడం మానేశాక గానీ ఆ ధైర్యం రాలేదేమోనని నాకనిపిస్తుంది. నలభై ఏళ్లు మాత్రం చాలా ఎక్కువ. నువ్వు అంత ఆగక్కర్లేదు, ఫోనుంది కదా, ఆ మనిషికి రేపే చెయ్యొచ్చు అన్నాను. తల ఊపింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను, ఇక్కడ కూడా రాయకపోతే తప్పవుతుంది. క్షమించమని చెప్పి, తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గరికి ఆడపిల్లని తిరిగి పంపే పెద్దలున్నారు, గుళ్లల్లో కూడా. తాడు వదలమంటే గంట కింద తల పెట్టమని కాదు. కేసు పెట్టాల్సింది పెట్టాలి, దూరంగా ఉండాల్సినవాడికి దూరంగా ఉండాలి. కోరీ యుద్ధం తర్వాత బ్లూమెండాల్‌లో శిబిరాల నుంచి వచ్చినవాళ్లకి ఇల్లు నడిపింది. కక్ష వదలగలిగినవాళ్లే ఒంటితో ఎలా ఉన్నా లేచి బతుకు కట్టుకోగలిగారని ఆవిడ చూసి చెప్పింది. కానీ వాళ్లకి ముందు తిండి పెట్టింది, మంచం వేసింది. వదలమని తొందరపెట్టలేదు.

మర్నాడు పొద్దున కాఫీలయ్యాక ఇద్దరం గుడి దగ్గరికి నడిచాం. వారం మధ్యలో, ఎవరూ లేరు. నేను తాడు పట్టుకుని నాలుగు లాగుళ్లు లాగి వదిలేశాను. భుజం పట్టేసింది, వయసు కదా. మనవరాలు వేళ్ల మీద లెక్కపెడుతోంది. పద్నాలుగు గట్టిగా, మూడు మెల్లగా, ఒకటి తగిలీ తగలనట్లు.

వేళకాని వేళ గంట మోగిందంటే మా ఊళ్లో ఒకటే అర్థం. రెండు నిమిషాల్లో వీధి మొదట్లో మనుషులు కనపడ్డారు. ఒకావిడ చేట చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఎవరు పోయారు మాస్టారూ?"

"ఎవరూ పోలేదమ్మా. పిల్లకి లెక్క చూపిస్తున్నా."

ఆవిడ నన్నూ గంటనీ మార్చి మార్చి చూసి, రిటైరయ్యాక కూడా ఈ మనిషికిదేం పోయేకాలం అన్నట్లు గొణుక్కుంటూ వెళ్లిపోయింది. నేను మనవరాలివైపు తిరిగి, ఇక పద, మీ నాయనమ్మ ఇడ్లీలు పెడుతుంది అన్నాను. అది కదల్లేదు. తల పైకెత్తి, శబ్దం లేని గంటకేసి చూస్తూ వేళ్లు మడుస్తూనే ఉంది.

"ఉండు తాతయ్యా, ఇంకా ఊగుతోంది."